అట్టకంటించిన కౌలు కాగితం

"ఎవరడిగిన్రు భాయీ? నిన్ను అడిగిన్రా, నన్ను అడిగిన్రా?"

"ఎవరూ అడగలేదు చెల్లెమ్మా. అడగరు గూడ. గందుకే మనకు మనం పెట్టుకోవాలె అంటున్న."

"అడగని పనికి అట్ట పట్టీలు ఎవరింట్లకెల్లి తేవాలె? అద్దం ఒక దిక్కు, ఫొటో ఒక దిక్కు, నడుమ సందంట. ఆ సందుల ఏముంటది? గాలి. గాలికి పైసలిస్తరా ఎవరన్న?"

"గాలి లేకుంటె ఏమైతదో నీ పటాలనే అడుగు. రెండు వానకాలాలు దాటెటాలకు ఫొటో పోయి అద్దానికి అతుక్కుంటది. అద్దం పలిగిన్నాడు ముసలాయన మొఖం గూడ పలుగుతది."

"నా పటాలు నువ్వెందుకు చూస్తవు? నీయి నువ్వు చూస్కో."

"చూడకుంటె ఎట్ల? వికారాబాద్‌ల కట్టిస్తరు, తాండూర్‌కు తెచ్చి నా ముంగట ఏడుస్తరు."

ఈ మాటకు పక్కనున్న ఇద్దరు దుకాణందార్లు నవ్వారు. మా ఆయన కూడా నవ్వబోయి, నా మొఖం చూసి ఆపుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అది తాండూరులో భాయి దుకాణం. ఆయన మాకంటే పెద్దవాడు, పటాలు కట్టడంలో మాకంటే ముందువాడు. ఊరు ఊరంతా ఆయనను భాయి అనే పిలిచేది, నేనూ అట్లనే పిలిచేదాన్ని. పోలీసు చర్య అయిపోయి ఐదారేండ్లు అయి ఉంటుంది. అప్పుడు వికారాబాదులో రెండు, తాండూరులో రెండు, మొత్తం నాలుగే పటాల దుకాణాలు. ఆ నాలుగు దుకాణాల వాళ్లను ఆయన చాయ్ తాగుదాం రమ్మని పిలిచాడు. మేము పొద్దుటి రైలుకు వికారాబాదు నుంచి దిగాము. చాయ్ తర్వాత ఆయన పెట్టె తీసి ఒక కాగితం బయటపెట్టాడు. పైన ఉర్దూ, కింద తెలుగు. గిరాకీ తెచ్చినదాన్ని కోయొద్దని, జిగురు వెనుకంతా రుద్దొద్దని, పై అంచుకు రెండు చిన్న పట్టీలతో వేలాడదీస్తే చాలని, అద్దానికి తగలకుండా సందు ఉంచాలని, పటం వెనుక దుకాణం ముద్ర కొట్టాలని రాసి ఉంది. ఒక్క మాటలో చెప్పాలంటే, పటంలో పెట్టింది ఎట్ల పోయిందో అట్లనే మళ్లీ బయటికి రావాలి.

మంచిదే. కానీ మంచి ఎవరికి ఊరికే వస్తుంది? నేను పొదుపు మనిషిని. ఇప్పటికీ అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండు చేసేదాన్నే. దుకాణంలో మా ఆయన పని కట్టె కోయడం, మూలలు కలపడం. మిగతాదంతా నాది. అద్దం తుడవడం, అట్ట కోయడం, మైదా జిగురు కాచడం, అంటించడం, వెనుక మూసి మొలలు కొట్టడం. చదివింది మూడో తరగతి వరకే గానీ, నా చేతి గీత గజం పెట్టి గీసినంత సాఫ్‌గా ఉండేది. ఆ కాగితంలో వద్దన్న పనులు చూస్తే, చాలామటుకు నేను రోజూ చేసేవే. అందుకే అంత మంట.

"సర్కారు చెప్పిందా గిట్ల కట్టాల్నని?" అన్నాను.

"లే."

"కట్టకుంటె జుర్మానా ఉన్నదా?"

"లే."

"మరి ఎందుకు కట్టాలె?"

భాయి కండ్లద్దాలు ముక్కు మీదికి జరుపుకున్నాడు. ఒక పక్క కాడ విరిగితే దారంతో చెవికి కట్టుకున్న అద్దాలవి. "చెల్లెమ్మా, కిరాణం దుకాణపోని తూకం రాళ్లు చూసెటందుకు మనిషి వస్తడు. మన పటం వెనుక ఏమున్నదో చూసెటందుకు ఎవడొస్తడు? మొల కొట్టి మూసినంక గిరాకి గూడ చూడడు. నువ్వు చూస్తవు, నేను చూస్త. గంతే."

"ఇంక ముద్ర ఎందుకు? మన గొప్ప చెప్పుకునెటందుకా?"

"తప్పు జేస్తె ఎవరి గడపకు రావాల్నో గిరాకికి తెల్వాలె గద."

"మస్తు చెప్పినవు. తిట్లు తినెటందుకు మనమే తొవ్వ చూపియ్యాలె."

తతిమ్మా ఇద్దరు వాదన పెరుగుతోందని సంతకాలు చేసి తలో తొవ్వ పట్టారు. మా ఆయన కలం అందుకున్నాడు. నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. "ఇంటికి పోయి ఆలోచన చేద్దాం" అన్నాను. ఆయన కలం కింద పెట్టాడు. మా ఇంట్లో ఆలోచన అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

పిల్లలారా, ఇప్పుడు మీరు పటాలు కట్టడం చూస్తున్నాను. మూల కోసే మిషన్లున్నాయి, రంగురంగుల చట్రం బద్దలున్నాయి. మీలో కొందరు "గిరాకీ అడిగింది చేస్తం, అడగనిది ఎందుకు?" అంటుంటే నా గొంతే నాకు వినబడుతుంది. ఆ మాట నేను మీకంటే గట్టిగా అన్నదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను.

మేము రైలుకు లేవబోతుంటే వాకిట్లోకి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. మృగశిర కార్తె, మొదటి వాన పడి రెండు రోజులైంది. ఇద్దరి కాళ్లూ మోకాళ్ల దాకా ఎర్రమట్టి. రైతు చంకలో గొంగడి చుట్టిన పటం ఉంది. చంటిపిల్లను దింపినట్టు దాన్ని చాప మీద దింపాడు.

"సాబ్, గిండ్ల ఉన్న కాగితం బయటికి తియ్యాలె. రేపు పొద్దుగాల కచేరిల చూపియ్యాలె" అన్నాడు.

"ఏం కాగితం?"

"నా కౌలు కాగితం. మాది యాలాల్ పక్క. మా నాయన కాలం నుంచి మేమే దున్నుతున్నం. పోలీసు చర్య అయినంక సర్కారోళ్లు వచ్చి రాసిచ్చిన్రు. ఎలుకలు కొరుకుతయని పటం కట్టించిన."

ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పిన సంగతి ఇది. భూమి పట్టా వేరే ఆయన పేరు మీద ఉంది. ఆ పట్టాదారు ఇప్పుడు ఈ రైతు తన కౌలుదారే కాదంటున్నాడు. నిన్న ఇక్కడి తాసీల్ కచేరిలో విచారణ జరిగితే రైతు పటాన్ని పటంగానే పట్టుకుపోయి చూపించాడు. పట్టాదారు వకీలు దాన్ని చూసి, ఇది ఉత్త నకలు, అసలు కాగితానికి అంచు మీద నంబరుంటది, వెనుక పొలాలు చూసి రాసుకునే సర్కారు మనిషి, గిర్దావర్, రాసిన పంచనామా, దాని కింద మొహరు ముద్ర ఉంటయి, ఇందులో అవేవి అని అడిగాడు. తాసీల్దారు రేపు పది గంటలకు కాగితం బయటికి తీసి వెనుక పక్క చూపించమన్నాడు. చూపించకపోతే కౌలుదారుల లెక్కలో నుంచి పేరు కొట్టేస్తారు.

"మూడెకరాలు సాబ్. గది పోతె మాకు గొడ్డలి, గొంగడి, గంతే మిగులుతది" అన్నాడు రైతు.

ఆయన భార్య నా దిక్కు చూసింది. ఆడమనిషిని నేనొక్కదాన్నే కదా. "మంచి పదును వాన పడ్డదక్కా. కందులు మూటగట్టి పెట్టిన. విత్తనీకె పోతె పట్టాదారు జీతగాండ్లు గట్టు మీద నిలవడ్డరు" అంది.

భాయి పటాన్ని బోర్లించాడు. వెనుక ముద్ర లేదు, గుర్తు లేదు. "ఎవరు కట్టిన్రు గిది?"

"వికారాబాద్‌ల. అనంతగిరికి మొక్కు తీర్చపోయి వస్తుంటె టేషన్ కాడ కట్టించిన. దుకాణం యాదికి లేదు సాబ్."

వికారాబాదులో స్టేషన్ కాడ దుకాణాలు రెండు. రెండో ఆయన సంతకం చేసి అరగంట కింద వెళ్లిపోయాడు. నేను మనసులో ఆయన పేరే అనుకున్నాను. నిజం చెప్తున్నాను, ఆయనదే కావాలని అనంతగిరి స్వామికి మొక్కుకున్నంత పని చేశాను.

భాయి పట్టకారుతో మొలలు పీకాడు. వెనుక చెక్క లేపాడు. నాలుగు మూలల్లో నాలుగు కాగితం మడతలు కుక్కి ఉన్నాయి.

నేను ముందుకు వంగాను. పటం గలగలలాడకుండా మూలల్లో ఏదో ఒకటి కుక్కాలి. అందరూ కొత్త అట్ట ముక్కలు పెడతారు. నేను ఏ పటంలో కోసిన అంచును ఆ పటంలోనే మడిచి కుక్కేదాన్ని, కొత్త అట్ట ఎందుకు దండగ అని. ఈ రెండూళ్లలో ఆ పని చేసే చెయ్యి ఒక్కటే.

భాయి ఒక మడత విప్పాడు. వేలెడు వెడల్పు పట్టీ. దాని మీద ఉర్దూ అంకెలు. ఆయన వెలుగుకు పట్టి చదివాడు. రైతు దిక్కు చూశాడు. "నంబరంటివి గద. గిదే నంబరు" అన్నాడు. తర్వాత ఎవరి దిక్కూ చూడలేదు. ఆయనకు తెలిసిపోయిందని నాకు తెలిసింది. నన్ను బయట పెట్టకుండా నాకే వదిలేశాడు. మా ఆయన చాప ఈనెలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"ఇది నేను కట్టిన పటమే" అన్నాను. "నేనే కోసిన."

రైతు భార్య నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వా అక్కా? ఎందుకు కోసినవు?"

"కాగితం పొడుగుండె. చట్రం చిన్నగుండె."

"చట్రం పెద్దది చెయ్యరాదా?" అన్నాడు రైతు.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టు అడిగాడు. అప్పటికే కోసి పెట్టిన చట్రం ఒకటి దుకాణంలో ఉండె. కొత్తది కోస్తే జానెడు కట్టె పోతుందని, చెప్పుకు సరిపోయేటట్టు కాలు కోసినట్టు, కాగితమే కోశాను. వెనుక ఏదో రాసి ఉన్న సంగతి కూడా చూశాను. ఉర్దూ నాకు రాదు. పాత కాగితం మీద ఎవరో గీకారు అనుకొని దాని మీదనే జిగురు పెట్టాను. ఉర్దూ వచ్చినవాళ్లను ఒక్క మాట అడిగితే అయిపోయేది. అడగలేదు.

భాయి కాగితాన్ని చేత్తో తడిమాడు. అట్టకు అంటుకొని ఉంది. మా ఆయన తల ఎత్తి, "తాంబాళంల నీళ్లు పోసి నానేస్తె ఊడొస్తది గద" అన్నాడు.

"సర్కారు మొహర్ సిరా నీలిది. నీళ్లు తగిలితె నేరేడుపండు రసం లెక్క పారుతది. రేపు తాసీల్దారుకు నీలి మరక చూపిస్తమా?" అన్నాడు భాయి. కాసేపు పటం చుట్టూ తిరిగాడు. "ఒక్కటే తొవ్వ. కాగితాన్ని అట్ట మీదికెల్లి తియ్యొద్దు. అట్టనే కాగితం మీదికెల్లి తియ్యాలె. పొర పొర."

పటం అద్దాన్ని నేల మీద పెట్టి, దాని మీద మెత్తటి ధోవతి గుడ్డ వేసి, కాగితాన్ని బోర్లించాము. ఇప్పుడు మాకు కనబడేది అట్ట వీపే. అది గడ్డి అట్ట. పొరలు పొరలుగా లేస్తుంది. భాయి చాకు మొన పెట్టి మొదటి పొర లేపాడు. రెండోది లేపాడు. ఇంతలో వాన మళ్లీ మొదలైంది, దుకాణంలో వెలుగు తగ్గింది. అద్దాన్ని నలుగురం నాలుగు మూలలు పట్టుకొని గడప దగ్గరికి జరిపాము. పీనుగును మోసినట్టు ఉందని మా ఆయన అన్నాడు. "నోట్ల మంచి మాట రాదా?" అని నేను కసిరాను. రైతు నవ్వాడు. వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు.

నాలుగో పొర దగ్గర భాయి చాకు పక్కన పెట్టాడు. "ఇంక నా కండ్లు ఆనయి. నువ్వే తియ్యాలె."

"నేనా?"

"అంటించిన చెయ్యి నీది. జిగురు ఏడున్నదో నీ చేతికే ఎరుక."

నేను కాళ్లు ముడుచుకొని కూర్చున్నాను. కండ్లు మూసుకొని, ఆ నాడు అంటించినట్టు గాలిలో చెయ్యి తిప్పి చూశాను. పొదుపు మనిషిని కదా, కాగితమంతా జిగురు రుద్దే అలవాటు నాకు లేదు. నాలుగు మూలలకు నాలుగు చుక్కలు, నడుమ మూల నుంచి మూలకు రెండు గీతలు, అంతే. అంటే గీతల నడుమ కాగితం వదులుగానే ఉంటుంది. నా పిసినారితనం నాకు అక్కరకొచ్చిన రోజు అదొక్కటే. ఆ మాట పైకంటే భాయి, "చూసినవా, తక్కువ జిగురే మంచిదని నేను రాసింది గదే" అన్నాడు. ఆ తొందరలో కూడా ఆయన వాదన మానలేదు.

వదులున్న చోట మొదలుపెట్టాను. జొన్నరొట్టె పొంగినప్పుడు పై పొరను చినగకుండా లేపుతామే, అచ్చం అట్ల, బొటనవేలు లోపలికి పోనిచ్చి అట్ట పొరను వెనక్కి మడుస్తూ పోయాను. నీళ్లు లేవు, చాకు లేదు. వేలు, గోరు, ఊపిరి. అరచెయ్యంత మేర అట్ట లేచింది. కింద పసుపు పచ్చ కాగితం, దాని మీద నల్లటి రాత.

"ఆగు ఆగు" అని భాయి వంగాడు. చదివాడు. తెలుగులో చెప్పాడు. "జమీన్ కాడికి వచ్చి చూసినం."

రైతు ముందుకు జరిగాడు. "ఏమున్నది సాబ్?"

"గిర్దావర్ రాసింది. నీ పొలం కాడికి వచ్చి చూసిండంట."

"వచ్చిండు వచ్చిండు. చింతచెట్టు కింద కూసొని రాసిండు. ఏం రాసిండో నాకు చెప్పలే."

అప్పుడు తెలిసింది మాకు. కాగితం పటం కట్టించి, రోజూ దానికి మొక్కి, నిన్న కచేరి దాకా మోసుకుపోయిన ఆ మనిషికి, వెనుక పక్క ఏమి రాసి ఉందో తెలియదు. రాసి ఉన్నదన్న సంగతే నిన్న వకీలు నోట విన్నాడు.

ఇంక నా చేతులు ఆగలేదు. ఒక వరుస తేలడం, భాయి చదవడం, రైతు "ఔ, నిజమే" అనడం. రెండో వరుసలో పొలం హద్దులు. తూర్పున వాగు, పడమట బాట. రైతు భార్య వేలితో గాలిలో హద్దులు గీసింది. మూడో వరుసలో రైతు పేరు, ఆయన తండ్రి పేరు. పేరు వినగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగో వరుసను భాయి రెండుసార్లు చదివాడు. "ఈయననే దున్నుతున్నడు. మేము కండ్లార చూసినం."

మొహరు ఆ వరుస కిందనే ఉంది. సరిగ్గా నా జిగురు గీత పోయిన చోట.

అక్కడ అట్ట లేవలేదు. గోరు పెడితే కాగితం కూడా లేస్తోంది. పక్కకు పోయి వచ్చాను, ఇటు నుంచి ప్రయత్నించాను, అటు నుంచి ప్రయత్నించాను. మొహరులో ఒక మూల, పావలా బిళ్లలో సగమంత, అట్టతో పాటే లేచి వచ్చేసింది. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను.

"ఆపకు" అంది రైతు భార్య. అంతసేపూ అక్కా అన్న మనిషి ఇప్పుడు అక్కా అనలేదు. "సగం తీసి ఆపితె ఎట్ల? తియ్యి."

భాయి ఒక గుడ్డ తడిపి, పిండి, మళ్లీ పిండి, పొడి గుడ్డలో చుట్టి ఇచ్చాడు. తడి కాదు అది, తడి వాసన. దాన్ని జిగురు గీత మీద పెట్టి, పది లెక్కపెట్టి, తీసి, గోరుతో ఇంత లేపి, మళ్లీ పెట్టి. పది లెక్కపెట్టడం రైతు మొదలుపెట్టాడు. మూడోసారికి నలుగురూ కలిసి లెక్కపెట్టారు, బడిపిల్లల్లాగా. ఏడెనిమిదిసార్లకు జిగురు పాలమీగడలాగా మెత్తబడి అట్ట వదిలింది. మొహరు తేలింది. అంచు ఒకచోట కొద్దిగా అలుక్కుంది, మూల పోయింది, మిగిలినదంతా నిలిచింది.

భాయి దుకాణం ముందు దీపాలు పెట్టే వేళకు కాగితం పూర్తిగా బయటపడింది. దాన్ని రెండు తెల్ల కాగితాల నడుమ పెట్టి, పైన రెండు నున్నటి తాండూరు బండలు ఎత్తి పెట్టాము. రైతు ఆ బండల పక్కనే గొంగడి పరుచుకున్నాడు. మా రైలు ఎప్పుడో పోయింది, ఆ రాత్రి మేమూ అక్కడే ఉండిపోయాము.

కోసిన అంచును అతికించేద్దామని నేను జిగురు గిన్నె అడిగాను. భాయి ఇవ్వలేదు. "అతికిస్తె దొంగకాగితం అంటరు. ఉన్నది ఉన్నట్టే పోనియ్యి. కోసినోళ్లు వచ్చి, మేమే కోసినం అని చెప్తె సరిపాయె."

"కచేరికా? ఆడమనిషా?" అన్నాడు మా ఆయన.

"కోసింది ఆడమనిషే గద" అన్నాను.

ఆ సాయంత్రమే, భాయి తన కట్టుబాటు కాగితం మళ్లీ నా ముందుకు జరపకముందే, నేనే తీసుకొని మా ఆయన చేత సంతకం పెట్టించి, నా సంతకమూ పెట్టాను. పెట్టి, కింద ఇంకొక మాట రాయమన్నాను. ఏ కాగితమైనా కట్టే ముందు తిప్పి చూడాలె, వెనుక ఏమున్నదో గిరాకిని అడగాలె, చదువ రాకుంటె చదువ వచ్చినోళ్లను అడగాలె. భాయి రాశాడు. రాసి, "మరి సందు సంగతి?" అని అడిగాడు.

"సందు మీద నాకింక సగమే నమ్మకం. అయినా ఉండనియ్యి" అన్నాను.

తర్వాత చాలా ఏండ్లు ఆ నాలుగు దుకాణాలు ఆ కట్టుబాటు మీద నడిచాయి. గొప్పలు చెప్పను. ఒకాయన నడుమ రెండేండ్లు మానేశాడు. ఆయనను ఎవరూ ఏమీ చేయలేదు, చేయడానికి మాకు హక్కు కూడా లేదు. ఊరికే ఉన్నాం. కానీ జనం పటం కొనేటప్పుడు బోర్లించి ముద్ర చూడడం మొదలుపెట్టారు. ముద్ర లేదేమని ఆయనను అడిగారు. ఆయనే మళ్లీ వచ్చి చాయ్ తాగి, ముద్ర కొడతానని చెప్పి పోయాడు. నా ముద్ర ఉన్న పటాలు కూడా కొన్ని తిరిగొచ్చాయి. తిట్లూ వచ్చాయి. తిట్టి పోయినవాళ్లే మళ్లీ పెళ్లి ఫొటోలు పట్టుకొచ్చారు. సందు విషయంలో కూడా భాయి మాటే నిజమని నాలుగు వానకాలాలు చూసి ఒప్పుకున్నాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. చెబితే నెత్తికెక్కుతాడు.

పిల్లలారా, సర్కారు నియమం పెడితే దాన్ని ఎట్ల తప్పించుకోవాలా అని చూస్తాం. నాలాంటిదైతే మరీ చూస్తుంది. మనకు మనం పెట్టుకున్నదాన్ని తప్పించుకుంటే ఎవరి నుంచి తప్పించుకున్నట్టు? నాకు తెలిసింది ఇంతే. ఇంతకంటే పెద్ద మాటలు చదువుకున్నవాళ్లు చెప్తారు.

ఆ మర్నాడు జరిగింది చెప్పి ముగిస్తాను.

వాన వెలిసింది. బండలు తీస్తే కాగితం చదునుగా ఉంది. పది కొట్టకముందే ఐదుగురం కచేరి వరండాలో కూర్చున్నాము. పిలుపు వచ్చింది. తాసీల్దారు కాగితం ముందు పక్క చూశాడు, తిప్పాడు, వెనుక పక్క నాలుగు వరుసలూ చదివాడు. వకీలు లేచి, అంచు కోసిన కాగితం చెల్లదు, మొహరు కూడా చినిగిందన్నాడు.

"ఎవరు కోసిన్రు?" అన్నాడు తాసీల్దారు.

నేను నిలబడ్డాను. "నేనే కోసినయ్యా. నేను పటాలు కడత. కోసిన ముక్క గిదే. మొహరు చినిగింది గూడ నా చేతులనే."

"ఎందుకు కోసినవు?"

"చట్రం చిన్నగుండె."

వెనుక ఎవరో నవ్వారు. తాసీల్దారు నవ్వలేదు. పట్టీని కాగితం అంచుకు ఆనించి చూశాడు. కోతలో ఒక అక్షరం తోక తెగింది. తెగిన రెండు ముక్కలూ కలిశాయి. నంబరును గుమాస్తా పెద్ద పుస్తకంలో వెతికి, ఉన్నదన్నాడు. నేను చెప్పింది రాయించి నా చేత సంతకం పెట్టించారు. నా మూడో తరగతి అక్షరాలు గీత మీద తిన్నగా కూర్చున్నాయి.

"పేరు ఉన్నట్టే ఉంచండి" అని తాసీల్దారు గుమాస్తాకు చెప్పాడు. రైతు కదల్లేదు.

"ఇంకేంది?" అన్నాడు తాసీల్దారు.

"ఇయ్యాల్నే విత్తుకోవచ్చునా అయ్యా?"

"విత్తుకో. ఎవరన్న అడ్డమొస్తె వచ్చి చెప్పు."

రైతు భార్య కాగితాన్నీ పట్టీనీ కలిపి కొంగున ముడేసుకుంది. ఇద్దరూ మెట్లు దిగి, యాలాల్ తొవ్వ పట్టుకొని, బురదలో కాళ్లు పీక్కుంటూ గబగబ నడిచిపోయారు. మాకు పోయొస్తమని చెప్పడం కూడా మరిచారు.